గిల్టు ఉంగరము: అసలు, నకలు, వంచన

రామంతాపూరు మొదలుకొని తార్నాక వఱకు గల వీథులలో గాజుల దుకాణము లేని వీథి యరుదు. విశ్వవిద్యాలయమున చదువుకొను బాలికలు, ఉద్యోగములకు పోవు స్త్రీలు, గృహిణులు నిత్యమును ఆ దుకాణములయందు కనబడుచుందురు. అద్దపు పెట్టెలలో బంగారువన్నె పూతగల ఉంగరములు వరుసగా నమర్పబడి యుండును. వాని నడుమ తెల్లని రాళ్ళు తళుకులీనుచుండును. వీనికి మన యిండ్లలో గిల్టు ఉంగరములని పేరు. వర్తకులు కొందఱు వీనిని ‘ఒక గ్రాము బంగారము’ అనియు, రాళ్ళను ‘అమెరికన్ డైమండ్లు’ అనియు పిలుచుచున్నారు.

ఈ ఉంగరములను గూర్చి మనలో రెండు విధములైన నడతలు కలవు. కొందఱు వీనిని హీనముగా చూతురు. గిల్టు పెట్టుకొన్న స్త్రీని చూచి చెవులు కొఱుకుకొందురు. మఱికొందఱు సంతోషముతోనే కొని ధరింతురు గాని, అడిగినవారికి మాత్రము బంగారమని చెప్పుదురు. ఈ రెండింటికిని మూలమొక్కటియే. నకలు వస్తువు తన స్వభావముచేతనే సిగ్గుపడదగినదని ఉభయులును నమ్ముచున్నారు. ఈ నమ్మకము సరియైనదేనా? చరిత్రను పరిశీలించిన కొలదిని, దోషము రాతియందును పూతయందును లేదనియు, పేరు మార్చి చెప్పుటయందే కలదనియు మాకు తోచుచున్నది. ఆ సంగతిని చదువరుల యెదుట నుంచుటకే ఈ ప్రయత్నము.

మన పూర్వులు కృత్రిమరత్నముల నెఱుగనివారు కారు. బుద్ధభట్టు రచించిన రత్నపరీక్షయందును, గరుడపురాణములోని రత్నాధ్యాయములందును వజ్రమునకు ప్రతిరూపములు చేయు విధము చెప్పబడినది. ఇనుము, పుష్యరాగము, గోమేధికము, వైడూర్యము, స్ఫటికము, గాజు మున్నగువానితో వజ్రమును పోలిన రాళ్ళను చేయుదురని ఆ గ్రంథములు చెప్పుచున్నవి. అట్లు చేయువారిని అవి కుశలులనియే పేర్కొన్నవి. కావున నేర్పరులు పరీక్షింపవలెనని చెప్పి, క్షారముతోను, గీతతోను, సానతోను పరీక్షించుట నుపదేశించినవి. వజ్రము తక్కిన రత్నములను లోహములను గీయును, దానిని మఱి యేదియు గీయజాలదన్న సూత్రము నాటిదే. నేటి శాస్త్రజ్ఞుడు కాఠిన్యమును కొలుచునప్పుడు వజ్రమునకు 10 అంకె నిచ్చి మొదటి స్థానమున నిలుపుటయు ఈ సూత్రమునకు అనుగుణముగనే యున్నది.

పూత బంగారపు మాట కౌటిల్యుని అర్థశాస్త్రమున వచ్చును. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన ఆ గ్రంథపు రెండవ అధికరణమున, స్వర్ణకారుడు సొమ్ము హరించు ఉపాయములు వరుసగా చెప్పబడినవి. వానిలో పేటకమనునది యొకటి. సీసపు రూపును బంగారు రేకుతో కప్పి గట్టిగా నతికించినచో అది గాఢపేటకము. కాల్చుటచేతను, ఒరగంటిచేతను, శబ్దము లేకపోవుటచేతను, గీచి చూచుటచేతను దానిని కనిపెట్టవలెనట. ఇచ్చట మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. కౌటిల్యుడు దీనిని బంగారము దొంగిలించు మార్గములలో చేర్చినాడు. బంగారమిచ్చి నగ చేయించుకొన్నవానికి లోపల సీసము పెట్టి యిచ్చుట అపహరణము. సీసమే యని చెప్పి సీసము నమ్మినవానిమీద ఈ నేరము పడదు.

ఇక వజ్రములకు పుట్టినిల్లైన మన తెనుగుదేశపు సంగతి చూతము. గోలకొండ వజ్రములని లోకమున పేరొందినవి గోలకొండ కోటలో పుట్టినవి కావు; కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు గనులలో దొరకి, గోలకొండ అంగడిలో అమ్ముడుపోయినవి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదునేడవ శతాబ్దమున ఈ గనులను చూచి, 1676లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, కొల్లూరిలో పురుషులు స్త్రీలు పిల్లలు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మన్ను మోయుదురు. ఆ మన్ను మోసిన తల్లులలో ఎవతె వ్రేలికైనను రవ్వ ఉంగరము తొడిగిన కథ యేదియు మనకు వినరాదు. రాళ్ళు రాజుల బొక్కసములకును, 1611లో ఆంగ్లేయులు వర్తకస్థానము నెలకొల్పిన బందరు రేవునకును, అచ్చటి నుండి సముద్రముల కావలికిని పోయెను.

అట్లు పోయినవానిలో కృష్ణాతీరపు గనులలో పుట్టినదని ప్రసిద్ధమైన ఒక రాయి, చెన్నపట్టణపు గవర్నరు తామస్ పిట్ చేతిలో పడి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మబడెను. దానికే రీజెంటు వజ్రమని పేరు. అది పారిసు చేరిన కొన్నియేండ్లకే ఆ పురముననే మఱియొక వింత జరిగెను. 1701లో జన్మించిన జార్జి ఫ్రెడరిక్ స్ట్రాస్ అను రత్నకారుడు, సీసము కలిసిన గాజును వజ్రమువలె చెక్కి, వజ్రమువలెనే మెఱయునట్లు చేసెను. సీసము కలిపి గాజునకు కాంతి పెంచు విద్యను అంతకు ముందే 1670ల దశాబ్దమున లండనులో రేవెన్స్‌క్రాఫ్టు నెలకొల్పియుండెను. స్ట్రాస్ తన రాళ్ళను వజ్రములని అమ్మలేదు, గాజువిగనే అమ్మెను. రాజసభకు పోవు స్త్రీలును వానిని ధరించిరి. 1734లో ఆయన రాజుగారి రత్నకారుడుగా నియుక్తుడయ్యెను. ఐరోపాలో ఇప్పటికిని అట్టి రాళ్ళను ఆయన పేరిటనే పిలుతురు. నకలు చేసినవాని పేరు నిజాయితీతో నిలిచిన సందర్భ మిది.

పూతకును ఇట్టి చరిత్రయే కలదు. పూర్వము బంగారమును పాదరసములో కరగించి లోహముపై పూసి, నిప్పుపై కాచి పాదరసమును ఆవిరిగా పోగొట్టెడివారు. పూత చక్కగా నంటెడిది గాని ఆ యావిరి పీల్చిన పనివాని నరములు చెడెడివి. 1805లో ఇటలీదేశీయుడగు బ్రుగ్నటెల్లి విద్యుత్తుచే బంగారము పూయవచ్చునని చూపెను. 1840లో బర్మింగుహామునందు ఎల్కింగ్టనులు ఆ విధానమునకు హక్కుపత్రము పొంది వ్యాపారముగా నడపిరి. బంగారు లవణము కలిసిన ద్రవములో నగను వ్రేలాడదీసి విద్యుత్తును పంపగా, బంగారము పలుచని పొరగా వచ్చి నగపై కూర్చుండును. దీనికి వాడు సైనైడు ద్రవము మహావిషము. కావున ఈ పని చేయువారి క్షేమము నేటికిని మనము తలచుకొనవలసిన విషయమే.

హైదరాబాదు చరిత్రయందు నకలు రాయి యొకటి విచిత్రమైన పాత్ర వహించినది. 1891లో అలెగ్జాండరు జేకబ్ అను రత్నవర్తకుడు ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానునకు ఒక గొప్ప వజ్రమును అమ్మజూపెను. మొదట తెచ్చి చూపినది వజ్రము కాదు, దాని గాజు నమూనా. దానిని చూచియే 46 లక్షల రూపాయలకు బేరము కుదిరెను. తరువాత వివాదము పుట్టి కలకత్తా హైకోర్టు వఱకు పోయెను. కడకు రాయి నిజాముకడనే నిలిచెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా నుంచుకొనెనని ప్రసిద్ధి. 184.75 కారట్ల ఆ జేకబ్ వజ్రమును, తక్కిన నిజాము నగలతోపాటు, 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్నది. గోలకొండ ప్రభువుల గడ్డపై నున్న ఈ వజ్రము పుట్టినది దక్షిణాఫ్రికాలో నని చెప్పుదురు. గాజు నమూనా తాను నమూనానని చెప్పుకొన్నందున ఎవ్వరును దానిని నిందింపలేదు. చిక్కంతయు బేరపు సొమ్మును గూర్చియే వచ్చినది.

ఇప్పుడు బందరునకు మరలుదము. మన హైదరాబాదు నుండి ఎల్బీ నగరు మీదుగా తూర్పునకు పోవు రహదారి ఆ పట్టణముననే ముగియును. పూర్వము గోలకొండ వజ్రములు ఓడలెక్కిన ఆ రేవుపట్టణమున చిలకలపూడి అను పేట కలదు. గిల్టు నగలకు తెనుగునాట చిలకలపూడి పేరు పర్యాయపదమైనది. అచ్చటి పనివారు రాగి యిత్తడి రూపులపై బంగారము కప్పి, గొలుసులు, గాజులు, కమ్మలు, ఉంగరములు చేసి దేశమంతటికిని పంపుచున్నారు. పట్టణసమీపమున పోతేపల్లియందు ఈ పరిశ్రమకై ప్రత్యేకమైన స్థలము కూడ నేర్పడినది. చిలకలపూడి నగ కొన్నవారు అది గిల్టని యెఱిగియే కొందురు. అమ్మినవారు గిల్టని చెప్పియే అమ్ముదురు. ఒక ఊరి పేరే వస్తువు నిజరూపమును తెలుపు గుర్తైనది. చార్మినారు చెంతనున్న లాడ్ బజారులో గాజురాళ్ళు పొదిగిన లక్క గాజులు సైతము ఇట్టివే. వానిని రత్నకంకణములని ఎవ్వరును చెప్పరు. లక్క గాజులన్న పేరితోనే వానికి 2024లో భౌగోళికపు గుర్తింపు లభించినది.

పూత నగలకు మన దేశమున గిరాకి పెరుగుటకు ప్రభుత్వశాసనమును ఒక కారణమని తలపవచ్చును. 1963 జనవరిలో స్వర్ణనియంత్రణ నిబంధనలు వచ్చి, 14 కారట్లకు మించిన బంగారముతో క్రొత్తనగలు చేయరాదని నిషేధించెను. స్వర్ణకారుల కుటుంబములెన్నియో జీవనము కోలుపోయెను. తరువాత ఆ నిషేధము సడలింపబడినను, 1968 నాటి స్వర్ణనియంత్రణ చట్టము 1990లో రద్దగు వఱకు నిలిచెను. ఆ కాలమున ఒరగల్లు వదలి గిల్టు పనికి మరలిన చేతిలో పూర్వపు నేర్పు మిగిలియే యుండెనని మనము మఱవరాదు.

రాళ్ళలో గొప్ప మార్పు 1970ల దశాబ్దమున కలిగినది. మాస్కోలోని లెబెదేవ్ భౌతికశాస్త్ర సంస్థవారు జిర్కోనియం ఆక్సైడును కరగించి పెద్ద స్ఫటికములు చేయు పద్ధతిని కనిపెట్టిరి. అది 2,700 డిగ్రీలు దాటిన వేడిమికి గాని కరగదు. అంత వేడిని ఓర్చు మూస లేదు. కావున నీటిచే చల్లబడు రాగిగొట్టముల నడుమ దాని పొడి నుంచి, లోపలిభాగమును మాత్రము కరగించిరి. కరగని పై పొడియే మూసయైనది. 1976 నాటికి ఈ రాయి అంగళ్ళకు వచ్చెను. మాస్కోలో పెరిగిన విద్యకు మన దుకాణములలో ‘అమెరికన్ డైమండ్’ అను పేరు పడుట విచిత్రమే గదా! దాని శాస్త్రీయనామము క్యూబిక్ జిర్కోనియా. 1998 ప్రాంతమున మోయిసనైట్ అను మఱియొక రాయి వచ్చినది. ప్రయోగశాలలో పెంచిన వజ్రము ఈ రెండింటికిని భిన్నమైనది. అది బొగ్గుతత్త్వముతో నేర్పడిన నిజమైన వజ్రమే. పుట్టుక మాత్రము భూగర్భమున కాదు.

ఇంతవఱకు చెప్పిన చరిత్ర మన సంసారములకు ఎట్లు సంబంధించును? వివాహసమయముననే ఈ ప్రశ్న తీక్ష్ణమగును. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు చెప్పిరి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున మధురవాణి కంటెను రామప్పంతులు ఎరువు తెచ్చి పెండ్లికి పెట్టించుటయు, పిదప దానికై రేగిన రచ్చయు చదువరులెఱిగినదే. ఇతరుల బంగారమును తనదిగా చూపుట యెట్టిదో, గిల్టును బంగారముగా చూపుటయు నట్టిదే. ఏదో యొక పూటకు మర్యాద నిలుచును. దాని ఖర్చు తరువాత ఆడుబిడ్డ చెల్లింపవలసివచ్చును.

ఎట్లన, స్త్రీకి నగ అలంకారము మాత్రమే కాదు, ఆపద్ధనము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ సంపాదించిన ఆస్తిపై ఆమెకు సంపూర్ణాధికార మిచ్చినది. భార్య స్త్రీధనమును భర్తయు అత్తవారును తమదిగా చేసికొనరాదని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని పెట్టెలోని గొలుసు అసలో నకలో తెలియనిచో ఈ హక్కు దేనిపై నిలుచును? పుట్టినింటివారు చెప్పక గిల్టు పెట్టిరేమో. లేక బంగారమును కుదువపెట్టి దాని స్థానమున అదే తీరు గిల్టు నగను ఇంటిలోనివారే యుంచిరేమో. బిడ్డ జబ్బుపడిననాడో, చదువు రుసుము కట్టవలసిననాడో ఆమె ఆ నగను తీసికొని బ్యాంకునకు పోవును. అచ్చట నగలు పరీక్షించువాడు ఒరగల్లుపై గీచి తల అడ్డముగా నూపును. ఆ క్షణమున ఆమె కోలుపోవునది డబ్బు మాత్రమే కాదు. తనవారియందుంచిన నమ్మకము తిరిగి వచ్చుట కష్టము. ఇట్టి దుఃఖము గిల్టు వలన కలుగలేదు. గిల్టని చెప్పకపోవుటవలన కలిగినది.

కావున మా సూచన సులభమైనది. పెండ్లిలో పెట్టు నగలన్నింటికిని ఒక పట్టిక వ్రాయవలెను. బంగారపు నగకు ఎదురుగా తూకము, బిల్లు వ్రాయుడు. గిల్టు నగకు ఎదురుగా గిల్టని వ్రాయుడు. పట్టిక ప్రతి యొకటి వధువు చేతిలో నుండవలెను. 2021 జూన్ 16 నుండి దేశమున అనేక జిల్లాలలో బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరియైనది. అందు భారతీయ ప్రమాణముల సంస్థ చిహ్నము, శుద్ధత, ఆఱక్షరముల గుర్తింపుసంఖ్య యుండును. ఆ సంఖ్యను సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ సాధనమున సరిచూచుకొనవచ్చును. నిజానిజములను శాస్త్రముచే తేల్చు కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల మా రామంతాపూరుననే కలదు. అయినను గృహిణికి ఒక బిల్లును ఒక పట్టికయు చాలును.

ఇక గిల్టు ఉంగరమును కొనదలచినవారు గమనింపవలసిన సంగతులు కొన్ని చెప్పుదుము. మొదట అడుగవలసినది లోపలి లోహము. ఇత్తడి, రాగి, వెండి యని వేఱువేఱుగా నుండును. పూతక్రింద నికెలు వేసినచో కొందఱి చర్మమునకు దురదయు దద్దురును కలుగును. అట్టివారు నికెలు లేనిదానిని, లేదా వెండిపై పూసినదానిని కోరవలెను. రెండవది పూత మందము. ఇది మైక్రానులలో, అనగా మిల్లీమీటరులో వేయవవంతులలో, చెప్పబడును. ఉంగరము నిత్యము ఒరయుచుండు నగ గనుక చెవికమ్మకు చాలిన పూత దీనికి చాలదు. ‘ఒక గ్రాము’ అను పేరును బట్టి అందు ఒక గ్రాము బంగారమున్నదని నమ్మరాదు.

మూడవది రాయి. గాజురాయి యైనచో వీథిదుమ్ములోని ఇసుకయే దానిని గీయును. ఏలయన ఇసుక కాఠిన్యము 7, గాజుది 5 లేక 6. జిర్కోనియా కాఠిన్యము 8కి పైబడినది గనుక నిత్యపు వాడుకకు గాజుకంటె మేలు. ఇది వజ్రముకంటె నెక్కువగా ఇంద్రధనుస్సు రంగులు చిమ్మును. అదే పరిమాణపు వజ్రముకంటె ఒకటిన్నర రెట్లు మించి బరువుండును. నోటి యావిరి ఊదినచో వజ్రముపై మసక వెంటనే పోవును, దీనిపై కొంతసేపు నిలుచును. అయితే ఈ పరీక్షలు సూచనలే గాని తీర్పులు కావు. నాల్గవది పొదుగు. రాతిని చుట్టును లోహపు కొనలు పట్టియుంచినవో, జిగురుతో నంటించిరో చూడవలెను. పట్టు గలదే చిరకాలముండును. వెనుక తళుకురేకు నంటించిన రాతికి తడి తగిలినచో అది నల్లబడును. కొలతను సాయంకాలము వ్రేలు కొంచె ముబ్బియున్నప్పుడు చూచుకొనుడు. తరువాత కాచి సాగదీయుదమన్నచో పూత చెడును.

కాపాడుకొను విధమును గూర్చి మన యిండ్లలో ఒక పొరపాటు ప్రబలియున్నది. ఇత్తడి పాత్రను తోమినట్లు చింతపండుతోను బూడిదతోను గిల్టును తోముదురు. చింతపండు పులుపు, బూడిద గరుకు కలిసి పూతను ఊడ్చివేయును. పండ్లపొడియు అట్టిదే. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బు కొంచెము కలిపి, మెత్తని గుడ్డను అందు తడిపి పిండి, తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తిన చాలును. రేకు నంటించిన రాతిని పొడిగుడ్డతోనే తుడువవలెను. అంట్లు తోమునప్పుడు, స్నానమునందు, బట్టలకు తెల్లదనపు మందు వేయునప్పుడు ఉంగరమును తీసి యుంచుడు. అత్తరులు, తలనూనెలు పూసికొని యారిన పిమ్మటనే ధరింపుడు. వ్రేలు పచ్చబడినచో భయపడనక్కఱలేదు. చెమట రాగితో కలిసినందున కలిగిన రంగది, కడిగిన పోవును. పూత అరిగి లోపలి లోహము బయటపడెననుటకు మాత్రము అది గుర్తు. అప్పుడు మరల పూత వేయింపవచ్చును. వేఱువేఱు నగలు ఒకదానితో నొకటి ఒరయకుండ దూదిలో చుట్టి, గాలి చొరని చిన్న సంచులలో దాచుడు.

బంగారము కొనుటకై అప్పుచేసి వడ్డీ కట్టుకొనుచు వ్రేలికి వజ్రము తొడిగిన యింటికంటె, ఆ సొమ్ముతో బిడ్డను చదివించి గిల్టు ఉంగరము తొడిగిన యిల్లు గౌరవము తక్కువదని మేము తలపము. అయితే ఆ గౌరవము నిలుచుటకు ఒక నియమము కలదు. ఎవరైనను ‘ఇది బంగారమా?’ అని యడిగినప్పుడు ‘గిల్టు’ అని తడబడక చెప్పగలుగవలెను. తల్లులు ఈ మాట చెప్పుట తమ కూతుండ్ర యెదుటనే మొదలుపెట్టుదురుగాక. పెండ్లిపట్టికలో ఆ మాట వ్రాయు చేయి వరుని తండ్రిదైనను వధువు తండ్రిదైనను వణకకుండుగాక.